విశాఖ వచ్చేశాం... ఇల్లెక్కడ?

ఒకపక్క సముద్రం. మూడు పక్కలా కొండలు. మధ్యలో పోర్టు, ఉక్కు, నౌకాదళం, విశ్వవిద్యాలయం, సాఫ్ట్‌వేరు. ఉద్యోగం కోసమో, పిల్లల చదువుల కోసమో, పదవీ విరమణ తర్వాత ప్రశాంతంగా గడుపుదామనో విశాఖపట్నం వచ్చే కుటుంబాలకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే... ఏ పేటలో ఉందాం? జవాబు మాత్రం ఒక్కటి కాదు!

'విశాఖకు బదిలీ అయింది' అని ఎవరితోనైనా చెప్పి చూడండి. ముందు అభినందిస్తారు. ఆ వెంటనే 'బీచ్ పక్కనే ఇల్లు తీసుకోండి' అని సలహా పడేస్తారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఎప్పుడు రమ్మంటారో కూడా అక్కడికక్కడే అడిగేస్తారు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకి విశాఖంటే సముద్రమే. కాపురం ఉండేవాళ్లకి మాత్రం సముద్రం ఒక్కటే కాదు... కుళాయి నీళ్లు, స్కూలు బస్సు, కూరగాయల బజారు, గాలి, వాన, ఇంటి నుంచి ఆఫీసుకు పట్టే సమయం... అన్నీ విశాఖే.

ఇల్లు సరిగ్గా కుదిరితే ఈ ఊరంత హాయైన చోటు మరొకటి లేదనిపిస్తుంది. కుదరకపోతే? సముద్రం ఉందన్న సంగతే మర్చిపోయి నెలల తరబడి రోడ్ల మీదే గడిపేస్తాం. కొనుక్కున్నవాళ్ల పరిస్థితి ఇంకా ఇబ్బంది. అద్దె ఇల్లు నచ్చకపోతే ఖాళీ చేయొచ్చు, జీవితకాలం దాచుకున్న డబ్బు పోసి కొన్న ఫ్లాటును ఖాళీ చేయలేం కదా!

ఒక ఊరు కాదు... నాలుగైదు ఊళ్లు

హైదరాబాదులా విశాఖ గుండ్రంగా పెరగలేదు. పెరగడానికి చోటు లేదు. తూర్పున, దక్షిణాన సముద్రం అడ్డు. దక్షిణం వైపు డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు. ఉత్తరం వైపు కైలాసగిరి, కంబాలకొండ, సింహాచలం కొండలు. దాంతో ఊరు సముద్రం వెంటా జాతీయ రహదారి వెంటా పొడుగ్గా సాగిపోయింది.

పెరిగిన తీరు కూడా ముక్కలు ముక్కలుగానే. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడికి వచ్చాక వాల్తేరు వైపు చదువుల ఊరు తయారైంది. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. వీటి చుట్టూ మల్కాపురం, సింధియా ప్రాంతాలు కార్మికులతో నిండాయి. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో ఉద్యమించి సాధించుకున్న ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. దాంతో గాజువాక, కూర్మన్నపాలెం పట్టణాలైపోయాయి. 2000 తర్వాత రుషికొండ కొండలమీదికి సాఫ్ట్‌వేర్ సంస్థలు ఎక్కడంతో మధురవాడకు దశ తిరిగింది.

1979లో కార్పొరేషన్ అయిన విశాఖ, 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ చుట్టుపక్కల పల్లెల్నీ కలుపుకొని 'గ్రేటర్' అయింది. 2013లో అటు అనకాపల్లి, ఇటు భీమిలి కూడా వచ్చి చేరాయి. 2011 జనాభా లెక్కల ప్రకారమే నగర జనాభా 17 లక్షలు దాటింది. కాబట్టి 'విశాఖలో ఇల్లు' అనేది చాలా పెద్ద మాట. మధురవాడలో ఉండి గాజువాకలో ఉద్యోగం చేయడమంటే... రోజూ ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లిరావడమే!

ముందు గడియారం... తర్వాతే గది

ఇల్లు వెతకడం మొదలుపెట్టేముందు ఒక కాగితం తీసుకుని నాలుగు పేర్లు రాసుకోవాలి. ఉద్యోగం చేసే చోటు, పిల్లల స్కూలు, పెద్దవాళ్లకు అవసరమైన ఆసుపత్రి, తరచూ వెళ్లాల్సిన స్టేషను. వీటిలో మొదటి మూడూ ఒకేవైపు ఉంటే సగం సమస్య తీరినట్లే.

ఉక్కు కర్మాగారం, గంగవరం పోర్టు, దువ్వాడ ఆర్థిక మండలి వైపు ఉద్యోగమైతే గాజువాక, కూర్మన్నపాలెం, దువ్వాడల్ని మించిన చోటు లేదు. నగరంలోకి రావాలంటే కూర్మన్నపాలెం నుంచి 400 నంబరు బస్సు ఉండనే ఉంది. చాలా రైళ్లు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి కాబట్టి అటు ఉండేవాళ్లకి అదో సౌకర్యం. నౌకాదళం, షిప్‌యార్డు, రిఫైనరీ ఉద్యోగులకి మల్కాపురం, సింధియా, శ్రీహరిపురం దగ్గర. విశ్వవిద్యాలయం, కేజీహెచ్, కలెక్టరేటు, బ్యాంకుల ప్రాంతీయ కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకి పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం అనువు. రుషికొండ సాఫ్ట్‌వేరు ఉద్యోగులకి ఎండాడ, మధురవాడ, పోతినమల్లయ్యపాలెం, కొమ్మాది.

ఇవన్నీ పటంలో చూస్తే పక్కపక్కనే కనిపిస్తాయి. నమ్మకండి! మధ్యలో కొండలున్నాయి. పోర్టు కాలువ ఉంది. రైలు పట్టాలున్నాయి. ఊరంతటికీ వెన్నెముకలాంటిది జాతీయ రహదారి ఒక్కటే. ఉదయం తొమ్మిదింటికి ఎన్ఏడీ కూడలి, కంచరపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాకల మీదుగా వెళ్లేవాళ్లంతా ఆ దారినే పట్టుకుంటారు. ఎన్ఏడీ దగ్గర పైవంతెన వచ్చాక కొంత తెరిపిన పడ్డా, పక్క కూడళ్లలో రద్దీ రద్దీయే.

అందుకే ఆదివారం సాయంత్రం ఇల్లు చూడ్డానికి వెళ్లొద్దు. వెళ్లినా, 'ఆఫీసు ఇరవై నిమిషాలే' అని ఇంటాయన చెప్పిన మాటను అక్కడే వదిలేసి రావాలి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గుమ్మం దగ్గర బయలుదేరి ఆఫీసుకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి ఆ గుమ్మానికి మరోసారి వెళ్లి చూస్తే తెలుస్తుంది అసలు దూరం. బండి మీద వెళ్లేవాళ్లు బండి మీద, బస్సులో వెళ్లేవాళ్లు బస్సులో!

ఇద్దరికీ ఉద్యోగాలుంటే?

ఇక్కడే అసలు చిక్కు. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్తకు పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. భార్యకు సిరిపురంలో బ్యాంకు. ఇద్దరు స్కూలు పిల్లలు. ఉబ్బసంతో బాధపడే తాతయ్య. పరవాడ 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అక్కణ్నుంచి సిరిపురం ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. కూర్మన్నపాలెంలో ఉంటే ఆయనకు సుఖం, ఆమె నగరం మొత్తాన్నీ దాటాలి. ఎంవీపీ కాలనీలో ఉంటే ఆమెకు సుఖం, ఆయన చీకటితో లేవాలి. పోనీ ఇద్దరికీ మధ్యలో అనుకుని గోపాలపట్నం వైపు చూస్తే ఇద్దరూ సగం సగం ప్రయాణిస్తారు గానీ, తాతయ్యకు అక్కడి గాలి ఎలా ఉంటుందో ఆలోచించాలి.

ఇలాంటప్పుడు చాలామంది కిలోమీటర్లు లెక్కవేస్తారు. లెక్కవేయాల్సింది కిలోమీటర్లు కాదు... ఎవరి ప్రయాణం ఎలాంటిది అన్నది. ఆయనకు కంపెనీ బస్సు ఉంటే ఎక్కి కూర్చుని ఓ గంట కునుకు తీయొచ్చు. ఆమె స్కూటరు మీద లారీల మధ్య వెళ్లాలి, లేదా రెండు బస్సులు మారాలి. పైగా స్కూలు నుంచి 'బాబుకి జ్వరం వచ్చింది' అని ఫోనొస్తే ముందు ఎవరు చేరుకోగలరు? తాతయ్యకు రాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రి ఎంత దూరం? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే ఆ కుటుంబానికి సీతమ్మధారో ఎంవీపీయో సరిపోతుందని తేలుతుంది. అందుకు ఆయన చెల్లించే మూల్యం కూడా తక్కువేం కాదు. పిల్లలు నిద్ర లేవకముందే ఇంట్లోంచి వెళ్లిపోవాలి. అదే ఆయనది మూడు షిఫ్టుల ఉద్యోగమై, ఆమెది ఇంకా బదిలీ అడిగే వీలున్న ఉద్యోగమైతే లెక్క తిరగబడుతుంది. అప్పుడు గాజువాకే మేలు. ఎవరి ఇంటి లెక్క వాళ్లదే. పక్కింటివాళ్ల లెక్క మనకు పనికిరాదు.

కెరటం పక్కన కాపురం

ఇంతకీ సముద్రం సంగతేంటి? పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ, ఈస్ట్ పాయింట్ కాలనీ, ఇంకా ముందుకెళ్తే సాగర్ నగర్, రుషికొండ... పొద్దున్నే బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడితే ఎదురుగా ఎర్రటి సూర్యుడు. ఆ భాగ్యానికి వెల కట్టలేం. ఇళ్ల యజమానులు మాత్రం కట్టేస్తారు! ఒకే విస్తీర్ణమున్న ఫ్లాటుకు సముద్రం కనిపించే వైపు ఒక అద్దె, కనిపించని వైపు ఒక అద్దె.

అద్దెతో పోతే ఫర్వాలేదు. సముద్రపు గాలిలో తేమతో పాటు ఉప్పూ ఉంటుంది. కిటికీ ఊచలు, గేటు బందులు, బాల్కనీలో పెట్టిన ఏసీ పెట్టె, సైకిలు గొలుసు... ఇనుమన్నది ఏదైనా సరే త్వరత్వరగా తుప్పు పడుతుంది. గోడలకు వేసిన రంగు పొట్టులా లేస్తుంది. స్లాబులోపలి ఊచలకు తుప్పు పట్టి పెచ్చులూడే భవనాలూ కనిపిస్తాయి. తీగమీద ఆరేసిన బట్టలు వానాకాలంలో ఓ పట్టాన ఆరవు. అందుకే తీరం పక్కన పాత అపార్ట్‌మెంటు చూసేటప్పుడు హాలుకన్నా ముందు మేడమీదికి, మెట్లకిందికి వెళ్లి స్లాబు అడుగుభాగం చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు. తుప్పు మరకలు, పగుళ్లు కనిపిస్తే ఆలోచించుకోవాల్సిందే.

మరో సంగతి తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. విమానాశ్రయం పైకప్పు ఎగిరింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఎత్తయిన భవనాల అద్దాలు భళ్లున పగిలాయి. కరెంటు లేక, కరెంటు లేనందున నీళ్లూ లేక నగరం రోజుల తరబడి అల్లాడింది. పాలప్యాకెట్టు దొరకడమే గగనమైంది. ఆ దెబ్బ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణ సాయంతో నగరంలో భూగర్భ విద్యుత్ కేబుళ్లు వేయడం మొదలుపెట్టారు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు 'ఈ వీధికి కరెంటు స్తంభాల మీంచా, భూమిలోంచా?' అని ఒక్క ముక్క అడగండి. కిటికీలకు పెద్దపెద్ద అద్దాలేనా, బయట తలుపులు కూడా ఉన్నాయా అన్నదీ చూడండి. 'హుద్‌హుద్‌కి ఈ ఇంటికేమైంది?' అన్న ప్రశ్నకు ఇంటాయన చెప్పే జవాబు కన్నా, కింద కిరాణా కొట్టాయన చెప్పే జవాబు విలువైనది!

గాలి ఎటు వీస్తోంది?

వేసవిలో విశాఖ వాతావరణ నివేదికను గమనించండి. వాల్తేరు, విమానాశ్రయం అని రెండు చోట్ల ఉష్ణోగ్రతలు విడివిడిగా ఇస్తారు. ఒకే ఊరు... అయినా ఎండాకాలం మధ్యాహ్నం విమానాశ్రయం దగ్గర వేడి ఎక్కువ. కారణం సముద్రపు గాలే. పగలు నేల త్వరగా వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. తీరం పక్కనున్న పేటలకు అది ముందుగా, నేరుగా చేరుతుంది. కొండ వెనకున్న కాలనీలకు ఆలస్యంగా, అరకొరగా అందుతుంది. గోపాలపట్నం, పెందుర్తి, మర్రిపాలెం వైపు మే నెలలో ఉక్కపోత ఎక్కువగా ఉండేది అందుకే.

వాస్తు చూసుకునేవాళ్లు ఎలాగూ తూర్పు వాకిలి అడుగుతారు. ఈ ఊళ్లో మాత్రం వాస్తు నమ్మనివాళ్లు కూడా తూర్పు, దక్షిణాల వైపు కిటికీలున్న ఇల్లు అడగాలి. ఆ కిటికీలకు అడ్డంగా పక్క అపార్ట్‌మెంటు గోడ ఉంటే దిక్కు ఏదైనా ఒకటే!

గాలితో వచ్చేది చల్లదనమొక్కటే కాదు. ఓడరేవు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం... అన్నీ కొండల నడుమ గిన్నెలాంటి పల్లంలో ఉన్నాయి. పొగా ధూళీ త్వరగా బయటికి పోవు. బొగ్గు, ఖనిజం దిగుమతి ఎగుమతులు జరిగే ఓడరేవు పక్కన వన్‌టౌన్, జ్ఞానాపురం ప్రాంతాల్లో మేడమీద వేలు పెట్టి రాస్తే నల్లటి దుమ్ము అంటుకుంటుందని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇంట్లో చంటిపిల్లలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లో ఉంటే ఈ విషయాన్ని అద్దె కన్నా ముందు చూసుకోవాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కిటికీ పట్టీ మీద వేలితో గీసి చూడటం... ఖర్చులేని పరీక్ష.

విశాఖ మర్చిపోలేని రెండు తేదీలున్నాయి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో వంటగ్యాసు అంటుకుని జరిగిన పేలుళ్లలో అరవై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై ఊరిమీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగులు తీశారు. పన్నెండు మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. 1961లో అక్కడ ఆ పరిశ్రమ పెట్టినప్పుడు అది ఊరికి దూరం. తర్వాత ఊరే నడుచుకుంటూ దాని గోడ దాకా వెళ్లింది. ఎవరో ముందు కట్టారు కదా అని మరొకరు... వాళ్లు ఉన్నారు కదా అని ఇంకొకరు!

పారిశ్రామిక నగరంలో ఉండటమే తప్పని కాదు. ఆ పరిశ్రమలే లక్షలమందికి అన్నం పెడుతున్నాయి. కానీ చేరబోయే ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఏ కర్మాగారం ఉంది, అందులో ఏం తయారవుతుంది, గాలి ఎక్కువగా అటు నుంచి ఇటా, ఇటు నుంచి అటా, అర్ధరాత్రి బయటపడాల్సి వస్తే ఎన్ని దారులున్నాయి... ఇవి తెలుసుకోవడం పిరికితనం కాదు, ముందుచూపు.

నీళ్లు తీపా... ఉప్పా?

సముద్రం పక్కనే ఉన్నా తాగునీటి కోసం విశాఖ దూరం నుంచి తెచ్చుకోక తప్పదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ దగ్గర్లో ఉన్నవి. గోస్తని మీది తాటిపూడి జలాశయం, రైవాడ జలాశయం దూరపువి. తూర్పుగోదావరి వైపు నుంచి ఏలేరు కాలువ ద్వారా వచ్చే నీళ్లు ఉక్కు కర్మాగారంతో పాటు నగరానికీ ఆధారం. వానలు ముఖం చాటేసిన ఏడాది వేసవిలో కుళాయి సన్నబడుతుంది. అప్పుడు ఆదుకోవాల్సింది బోరు. తీరం పక్కన ఎడాపెడా బోర్లు తోడేస్తే సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకొస్తుంది, బోరునీళ్లు ఉప్పబారతాయి. మధురవాడ, కొమ్మాది లాంటి కొత్త కాలనీల్లో రాతినేల. కొన్నిచోట్ల బోరు పడదు, పడినా వేసవికి అందదు. అక్కడ అపార్ట్‌మెంటు నిర్వహణ ఖర్చులో ట్యాంకర్ల బిల్లే సింహభాగం కావచ్చు.

అందుకని ఇంటావిడలు చేసే పనే సరైనది. వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి నాలుకకు తగిలించి చూడటం! గీజరు, కుళాయి మూతుల మీద తెల్లటి పొలుసు కడితే నీళ్లు గట్టివని అర్థం. కార్పొరేషన్ కుళాయి ఉందా, రోజూ ఎంతసేపు వస్తుంది, కిందటి ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు... వాచ్‌మన్‌ని అడిగితే తడుముకోకుండా చెబుతాడు.

వాన కురిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఉత్తరాంధ్రలో వాగును 'గెడ్డ' అంటారు. 'వాక' అంటే ఏరు. కొండల మీద పడ్డ వాన ఈ గెడ్డల్లోంచే సముద్రానికి పరుగెత్తాలి. ఇళ్లు కట్టీ కట్టీ చాలా గెడ్డలు మురుగుకాలువలుగా చిక్కిపోయాయి. గెడ్డను ఆనుకుని నేలమట్టానికి కట్టిన ఇల్లు ఎండాకాలంలో ఎంత ముచ్చటగా కనిపించినా, అక్టోబరు వానల్లో వీధి ఎలా ఉంటుందో అడగనిదే అడ్వాన్సు ఇవ్వకూడదు. కొండవాలున కట్టిన ఇళ్లకు మరో భయం, గోడలు కూలడం, మట్టి జారడం.

పాతపేటల రుచి... కొత్తపేటల వెలుగు

అపార్ట్‌మెంట్ల ప్రకటనలు చూసి పాత పేటల్ని తీసిపారేయక్కర్లేదు. పూర్ణా మార్కెట్టు, కురుపాం మార్కెట్టు, జగదాంబ చుట్టుపక్కల ఉంటే బండి తీయాల్సిన పనే లేదు. చేపల నుంచి చీరల దాకా నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. పక్కపక్కనే ఉన్న మూడు కొండలమీద గుడి, చర్చి, దర్గా కనిపించే రాస్ హిల్ ప్రాంతం అక్కడే. పార్కింగు ఉండదు, ఇరుకు సందులు, పోర్టు దుమ్ము... అవీ నిజమే. కంచరపాలెం, అక్కయ్యపాలెం, దొండపర్తి మధ్యతరగతి పేటలు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా పుణ్యమా అని వాటిలో ఒకటి రాష్ట్రమంతటికీ తెలిసింది. ఇరుగుపొరుగు పలకరింపులు, నడక దూరంలో రైల్వేస్టేషను, రైతుబజారు... అద్దె కాగితంలో కనిపించని లాభాలివి.

పన్నెండు సెక్టార్ల ఎంవీపీ కాలనీది మరో రుచి. ఒకప్పుడు పట్టణాభివృద్ధి సంస్థ పద్ధతిగా వేసిన కాలనీ కాబట్టి వీధులు వెడల్పు. రైతుబజారు, పార్కులు, కోచింగు సెంటర్లు, టిఫిను బళ్లు అన్నీ దొరుకుతాయి. నడుచుకుంటూ బీచికెళ్లొచ్చు. అద్దెలూ ఆ మేరకే! మురళీనగర్, మాధవధార సింహాచలం కొండ ఒడిలో ఉంటాయి. పచ్చదనం, ప్రశాంతత ఇష్టపడేవాళ్లకి నచ్చుతాయి.

ఇక పోతినమల్లయ్యపాలెం. 2005 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మీద ధోనీ 148 పరుగులు చేశాక దేశమంతా ఆ స్టేడియం పేరు విన్నది. అప్పటి ఖాళీ స్థలాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లే. కొత్త ఇళ్లు, లిఫ్టులు, పిల్లలు ఆడుకునే చోటు, జంతు ప్రదర్శనశాల, రుషికొండ తీరం దగ్గర. తగరపువలస వైపు 222 బస్సు, బీచ్ రోడ్డులో భీమిలి దాకా 900కె. భోగాపురం విమానాశ్రయం కూడా అటే కాబట్టి 'రేపు' అంతా ఇటే అంటారు స్థిరాస్తి వ్యాపారులు. నిజం కావచ్చు. కానీ అద్దెకుండేవాళ్లకి కావాల్సింది 'రేపు' కాదు, 'ఇవాళ'. వీధి దీపం ఇవాళ వెలుగుతోందా? రాత్రి తొమ్మిదింటికి ఆటో దొరుకుతోందా?

కొనేవాళ్లు... కాస్త ఆగండి

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు చేయగల తెలివైన పని ఒకటుంది. కనీసం ఏడాది అద్దెకుండటం. మే నెల ఉక్క, అక్టోబరు తుపాను గాలి, డిసెంబరు పర్యటకుల రద్దీ... మూడూ చూశాక తెలుస్తుంది ఏ పేట మనదో. 'ఇప్పుడు కొనకపోతే ధర పెరిగిపోతుంది' అని తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తగాదా ఉన్న భూమిని తొందరపడి కొంటే పెరిగేది ధర కాదు, రక్తపోటు!

ఎందుకంటే విశాఖ భూముల కథ చాలా పెద్దది. సింహాచలం దేవస్థానానికి చెందిన అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి... ఈ అయిదింటినే 'పంచగ్రామాలు' అంటారు. అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్ల హక్కుల వివాదం దశాబ్దాలుగా నలుగుతూ వచ్చింది. ఇల్లు కళ్లెదుట ఉంటుంది, కరెంటు బిల్లు మన పేరున వస్తుంది, అమ్ముదామన్నా బ్యాంకు రుణం తీసుకుందామన్నా దారి మూసుకుపోతుంది. ఇవి కాక ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, గెడ్డ పోరంబోకులు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరైతే రిజిస్ట్రేషనే జరగదు. ఈ జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

సముద్రం పక్కన స్థలమైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలూ చూడాలి. 1991లో మొదటిసారి వచ్చిన ఈ నిబంధనల ప్రకారం అత్యధిక పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలున్న ప్రాంతమే. అప్పటికే అభివృద్ధి చెందిన పట్టణ ప్రాంతాల్లో ఉన్న రోడ్డుకు ఊరివైపే కట్టడాలకు అనుమతి, సముద్రం వైపు కాదు. 'రోడ్డుకి అవతల, కెరటాల పక్కనే ప్లాటు' అని ఎవరైనా ఊరిస్తే జాగ్రత్తపడాల్సింది అందుకే. విమానాశ్రయం, నౌకాదళ కేంద్రాల చుట్టుపక్కల భవనాల ఎత్తు మీదా ఆంక్షలుంటాయి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టుకు నమోదు తప్పనిసరి. నంబరు అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మనమే.

అడ్వాన్సు ఇచ్చేముందు...

* సోమవారం ఉదయం, సాయంత్రం ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి రండి. పట్టిన సమయం రాసుకోండి.
* మధ్యాహ్నం రెండింటికి ఓసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఓసారి ఇల్లు చూడండి. గాలి, శబ్దం, వీధి దీపాలు తెలుస్తాయి.
* కుళాయి నీళ్లు, బోరునీళ్లు విడివిడిగా రుచి చూడండి. వేసవి ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.
* కిటికీ ఊచలు, స్లాబు అడుగు, మేడమీది ట్యాంకు పరిశీలించండి. తుప్పు, పగుళ్లు ఇంటి వయసు చెబుతాయి.
* లిఫ్టుకూ నీటి మోటారుకూ జనరేటరు ఉందా? తుపాను రోజుల్లో అదే ప్రాణం.
* దగ్గర్లోని కర్మాగారం, గెడ్డ, ఆసుపత్రి... మూడూ ఎంత దూరమో పటంలో గుర్తుపెట్టుకోండి.
* పెయింటింగ్, మరమ్మతుల ఖర్చు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలు... అన్నీ కాగితం మీద రాయించుకోండి.
* కొనేటట్లయితే కనీసం ముప్ఫై ఏళ్ల ఈసీ, లింకు దస్తావేజులు, 22-ఎ జాబితా చూపించుకుని న్యాయవాది అభిప్రాయం తీసుకోండి.

అన్ని మార్కులూ పడే ఇల్లు విశాఖలో లేదు, మరే ఊళ్లోనూ ఉండదు. చల్లగాలి ఉన్నచోట తుప్పు, నీళ్లున్నచోట రద్దీ, చవక ఉన్నచోట దూరం. ఏది వదులుకోగలమో, ఏది వదులుకోలేమో ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే సగం ఇల్లు దొరికినట్లే. చిన్నవాళ్లనీ అడగాలి, మంచానపడ్డ పెద్దాయన్నీ అడగాలి. రోజులో ఎక్కువసేపు ఆ ఇంట్లో ఉండేది వాళ్లే కదా!

సముద్రం ఎక్కడికీ పోదు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని బస్సెక్కితే ఏ పేట నుంచైనా చేరుకోవచ్చు. వారంలో మిగిలిన ఆరు రోజులూ హాయిగా ఇంటికి చేరే దారి ఏదో... ముందు అది చూసుకోండి!